"కావలెను" బోర్డు దిగని కొట్టు

ఏం చెల్లాయ్, ఉద్యోగం మానేశావటగా?

కంగారు పడకు, తిట్టడానికి పిలవలేదు. ఇప్పటికే అమ్మ, పక్కింటి పిన్నిగారు, ఫోన్లో మేనమామ అందరూ కలిసి నిన్ను "ఎందుకు మానేశావ్?" అని వాయించేసి ఉంటారు. జవాబు కూడా వాళ్లే చెప్పేసి ఉంటారు: "ఈ కాలం పిల్లలకి ఓపికెక్కడిది!" మా నాన్నగారి తరంలో ఒకే ఆఫీసులో చేరి, అక్కడే రిటైరై, శాలువా కప్పించుకుని గోడ గడియారం పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లు. ఇప్పటికీ మనల్ని ఆ గడియారంతోనే కొలుస్తున్నారు. నేను మాత్రం వేరే సంగతి అడుగుతా. అసలు ఎలా చేరావు?

నవ్వకు. మానేయడానికి కారణం చాలామందికి చేరిన రోజే పుట్టేసి ఉంటుంది, బయటపడటానికి ఆర్నెల్లు పడుతుందంతే.

ఇంటర్వ్యూ అంటే ఏముంది? ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, ఫైలు గుండెలకి హత్తుకుని వెళ్తావు. "ఒత్తిడి తట్టుకోగలరా?" అంటే "తప్పకుండా సార్" అంటావు. "నైట్ షిఫ్ట్ ఓకేనా?" అంటే ఇంట్లో ఇంకా అడగకపోయినా ఓకే అనేస్తావు. అటువాళ్లూ తక్కువ తినలేదు. "మా దగ్గర అంతా ఒక ఫ్యామిలీలా ఉంటాం అమ్మా" అంటారు. (ఆ మాట చెవిన పడగానే ఓవర్‌టైముకి డబ్బులిస్తారా లేదా అని అడిగెయ్, చెప్తున్నా.) ఆఫర్ లెటర్లో ప్యాకేజీ 4 లక్షల 20 వేలు అని ఉంటుంది. పన్నెండుతో భాగించి, నెలకి 35 వేలని మనసులోనే స్కూటీ కొనేస్తావు. మొదటి నెల బ్యాంకు మెసేజ్ చూసుకున్నాక గుండె జారుతుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఏడాది చివర టార్గెట్ దాటితేనే చేతికొచ్చే వేరియబుల్ పే, ఇవన్నీ కలిపితేనే ఆ 4 లక్షల 20 వేలట. నీతో ఎవరూ అబద్ధమాడలేదు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఎవరూ విప్పి చెప్పలేదు, నువ్వూ అడగలేదు.

1979లో బోయాన్ జొవనోవిచ్ అనే ఆర్థికవేత్త ఈ సంగతి మీదే ఒక పేరుమోసిన వ్యాసం రాశాడు. లెక్కలన్నీ పక్కన పెడితే ఆయన చెప్పింది ఇదీ: మనిషికీ పనికీ జత కుదిరిందో లేదో ముందుగా ఇద్దరికీ తెలీదు, చేస్తుంటేనే తెలుస్తుంది. షాపులో చెప్పులు తొడుక్కుని అద్దం ముందు నాలుగడుగులు వేస్తే బాగానే ఉంటాయి. ఎక్కడ కరుస్తాయో బస్టాండు దాకా నడిస్తే కదా తెలిసేది! నెలలు గడిచేకొద్దీ నీకు పని సంగతి తెలుస్తుంది, వాళ్లకి నీ సంగతి తెలుస్తుంది. కుదరనివాళ్లు సర్దుకుని వెళ్లిపోతారు, కుదిరినవాళ్లు మిగులుతారు. అందుకే మానేయడాలు కొత్తలోనే ఎక్కువ, పాతబడేకొద్దీ తగ్గుతాయి. ఈ లెక్కన, చేరిన నాలుగు నెలలకి "ఇది నాకు పడదు" అని తెలుసుకున్న పిల్ల పెద్ద నేరమేమీ చేయలేదు. తెలుసుకోవడానికి అంతకంటే దగ్గర దారి లేదు మరి.

ఉందా అంటే, కొంచెం ఉంది. టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయిల ముచ్చట ఒకటి చెప్తా విను. అమెరికాలో జాన్ వానస్ అనే పరిశోధకుడు ఒక ఫోన్ కంపెనీలో ఉద్యోగానికొచ్చిన ఆడపిల్లలకి సినిమాలు చూపించాడు. కొందరికి కంపెనీ ఎప్పుడూ వేసే సినిమా. అందులో అందరూ నవ్వుతూనే ఉంటారు. మిగతావాళ్లకి ఇంకోటి. రోజంతా ఒకటే రకం పని, సూపర్‌వైజర్ కన్ను ఎప్పుడూ మీదే, పక్క సీటు అమ్మాయితో స్నేహం చేసే తీరికుండదు, తప్పు చేస్తే అంటారు గానీ బాగా చేస్తే మెచ్చుకునేవాళ్లుండరు అని ఉన్నదున్నట్టు చూపించారు. ఇది చూసి పిల్లలు పారిపోయారనుకున్నావా? లేదు. వీళ్లూ ఇంచుమించు అంతమందే చేరారు. తీరా చేరాక, మానేద్దామా అన్న ఆలోచన నిజం చూసినవాళ్లలోనే తక్కువగా ఉంది. ఆ ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. యాభై ఏళ్లు దాటిపోయింది. మన జాబ్ మేళాల్లో ఇప్పటికీ బెలూన్లు కడతారు, నాయకులు ఉపన్యాసాలిస్తారు, అపాయింట్‌మెంట్ ఆర్డర్లు పట్టుకుని ఫొటోలు దిగుతారు. ఆ పని చోట రోజు ఎలా గడుస్తుందో చూపించే పది నిమిషాల వీడియో మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

మా అపార్ట్‌మెంట్లో ఒకాయన ఉన్నారు, ఏదో కంపెనీలో పెద్ద హోదా. "మా దగ్గర జనం మానేయడం బాగా తగ్గిందండీ, సంతోషంగా ఉన్నారు" అని మురిసిపోతుంటారు. సంతోషానికీ మానేయకపోవడానికీ చుట్టరికం తక్కువండీ అని చెప్పాలనిపిస్తుంది. జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ అని ఇద్దరు పండితులు 1958లోనే ఈ రెండింటినీ విడదీసి చూపించారు. వెళ్లాలని ఉండటం ఒక ఎత్తు, వెళ్లడానికి ఇంకో చోటు ఉండటం ఇంకో ఎత్తు. మన ఐటీ చూడు. 2022 జూన్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో ఇన్ఫోసిస్ నుంచి వెళ్లిపోయినవాళ్ల శాతం 28.4. అదే ఏడాది సెప్టెంబరుకి టీసీఎస్‌లో 21.5. రెండేళ్లు తిరక్కుండానే, 2024 మార్చి నాటికి రెండు కంపెనీల్లోనూ అది పన్నెండున్నర దగ్గరికొచ్చేసింది. ఈ మధ్యలో ఏం జరిగింది? మేనేజర్లందరూ మారిపోయి బంగారాలైపోయారా? కరోనా తర్వాత ప్రాజెక్టులు వెల్లువలా వచ్చినప్పుడు ప్రతి కంపెనీ పక్క కంపెనీ వాళ్లని డబ్బు ఎక్కువిచ్చి లాగేసుకుంది. ఆ వరద తీసేసరికి తలుపులు మూసుకున్నాయి, ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. అలా కూర్చున్నవాళ్లలో ఎంతమంది మనసులో రాజీనామా రాసి పెట్టుకున్నారో ఏ లెక్కలోకీ రాదు.

ఇంకో రకం కొట్లు ఉంటాయి. మీ ఊరి మెయిన్ రోడ్డులో కూడా ఒకటుంటుంది, గుర్తు తెచ్చుకో. షట్టరు పక్కన "సేల్స్ గర్ల్స్ కావలెను" అని ఫ్లెక్సీ. కిందటి సంక్రాంతికీ ఉంది, వినాయక చవితికీ ఉంది, ఎండకి ఎరుపు కాస్తా లేత గులాబీ అయిపోయింది, అయినా దించరు. ఓనరుగారిని అడిగితే "మనుషులు దొరకట్లేదమ్మా" అంటారు. దొరుకుతున్నారు, నిలవట్లేదు. ఆ రెండో మాట ఆయన నోట రాదు.

హెన్రీ ఫోర్డ్‌కి మాత్రం వచ్చింది. డెట్రాయిట్ పక్కన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో 1913లో కార్లు కదిలే లైను మీదకి వచ్చాయి. అంతకుముందు చేయి తిరిగిన పనివాడు బండిని తన చేత్తో కూర్చేవాడు. ఇప్పుడు ఒకడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోల్టు పెడతాడు, ఇంకొకడు నట్టు బిగిస్తాడు. విసుగెత్తి జనం పారిపోయారు. ఆ ఏడాది మానేసినవాళ్ల లెక్క 370 శాతం. అంటే నూరు సీట్లు నిండుగా ఉంచడానికి ఏడాదిలో మూడొందల డెబ్భై మందిని తెచ్చుకోవాలి. కొత్తవాడికి పని నేర్పాలి, వాడు పాడుచేసిన సరుకు భరించాలి, వాడు పోయాక మళ్లీ మొదలు. 1914 జనవరిలో ఫోర్డ్ కంపెనీ, తొమ్మిది గంటల పనికి 2 డాలర్ల 34 సెంట్లుగా ఉన్న రోజుకూలిని ఎనిమిది గంటలకి 5 డాలర్లు చేసింది. వార్త పొక్కగానే గేటు ముందు వేలమంది. గడ్డకట్టే చలిలో వాళ్ల మీద గొట్టాలతో నీళ్లు కొట్టి చెదరగొట్టారట. 1915కల్లా మానేసేవాళ్లు 16 శాతానికి దిగారు.

ఇది చెప్పి ఫోర్డ్‌కి దండ వేస్తారు చాలామంది. నేను వేయను. ఆ 5 డాలర్లలో సగం లాభాల వాటా పేరుతో ఇచ్చేది. అది రావాలంటే కంపెనీ మనుషులు మీ ఇంటికొచ్చి, తాగుతున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాస్తున్నారా అని చూసి వెళ్లాలి. మొదట్లో ఆడవాళ్లకి అసలు లేనే లేదు. అయినా ఒక్క సంగతికి మెచ్చుకోవాలి. మనుషులు వెళ్లిపోతే ఖర్చు ఎవరిదో ఆయన లెక్కేసుకున్నాడు. మన ఫ్లెక్సీ ఓనరుగారు ఇంకా వేసుకోలేదు.

జీతం పెంచితే చాలా అంటావా? చీరల షోరూముకి వెళ్లినప్పుడు ఒకసారి కళ్లు కిందికి దించి చూడు. మనం తెల్ల పరుపు మీద కూర్చుంటాం, మజ్జిగ ఇస్తారు. ఎదురుగా ఉన్న అమ్మాయి పొద్దున పదింటికి నిలబడింది, రాత్రి తొమ్మిదింటికీ నిలబడే ఉంది. కౌంటర్ వెనక చెప్పులు విడిచి, ఒక పాదం మీద ఇంకో పాదం ఆనించి బరువు మార్చుకుంటూ ఉంటుంది. మనం నలభై చీరలు విప్పించి "మళ్లీ వస్తాం" అని లేస్తే, ఆ నలభై మడత పెట్టేదీ తనే. అలాంటి అమ్మాయి మానేస్తే "వంద రూపాయలు ఎక్కువిస్తామంటే పక్క షాపుకి పోయింది" అంటారు. పక్క షాపులో స్టూలుందేమో!

నేను వేళాకోళానికి అనట్లేదు. కేరళలో కోళికోడ్ బజారు కొట్లలో పనిచేసే ఆడవాళ్లు సరిగ్గా ఈ కూర్చునే హక్కు కోసం, మూత్రానికి వెళ్లే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. ముందుండి నడిపించినావిడ పేరు విజి, వృత్తికి దర్జీ. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్లకి కూర్చోడానికి సీటు ఉండాల్సిందే అంది. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. ఒక స్టూలు వేయించడానికి చట్టం కావలసి వచ్చింది చూశావా! స్టూలు ఖరీదెంత?

అడిగే దారి లేకపోతే మనిషి మానేయడం ఒక్కటే దారి అనుకుంటాడు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆయన 1970లో దీని మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. నచ్చనప్పుడు నోరు విప్పడమో, నడిచి వెళ్లిపోవడమో చేస్తాం, మొదటిదానికి చోటిస్తే రెండోది తగ్గుతుంది అని. వినడానికి బాగానే ఉంది గానీ నిజమేనా? మన దేశపు గార్మెంట్ ఫ్యాక్టరీల్లోనే అచ్యుత అధ్వర్యు అనే పరిశోధకుడి బృందం దీన్ని పరీక్షించి చూసింది.

హిందూపురంలోనో అచ్యుతాపురంలోనో కుట్టు లైనులో కూర్చునే చెల్లెళ్లకి నేను చెప్పేదేముంది గానీ, తెలియనివాళ్ల కోసం చెప్తా. ఒకరు కాలరు, ఒకరు కఫ్, ఒకరు జేబు. ముందు మిషను నుంచి బండిలు వస్తుంది, నీ కుట్టు వేసి వెనక్కి పంపాలి. గంటకి ఇన్ని పీసులని టార్గెట్, గంటగంటకీ బోర్డు మీద అంకెలు. బాత్రూముకి వెళ్లొచ్చేసరికి బండిళ్లు గుట్టపడి, వెనక అమ్మాయి ఖాళీగా కూర్చుని, సూపర్‌వైజర్ కేక వినిపిస్తుంది. అలాంటి చోట ఒక ఏడాది జీతాల పెంపు ఆశించినంత రాలేదు. అందరూ ఉసూరుమన్నారు. అప్పుడు కొంతమందిని చీటీ వేసినట్టు ఎంచి, పేరు రాయక్కర్లేకుండా నాలుగు ప్రశ్నలడిగారు. పని చోటు ఎలా ఉంది, సూపర్‌వైజర్ ఎలా ఉన్నాడు, మొత్తం మీద తృప్తిగా ఉందా అని. జీతం పైసా పెంచలేదు. అయినా అడిగించుకున్నవాళ్లలో మానేయడాలు తగ్గాయి, నాగాలు తగ్గాయి. అందరికంటే ఎక్కువ నిరాశపడ్డవాళ్లలోనే ఎక్కువ తగ్గాయి. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగినందుకే!

ఇక్కడ నాకో భయం కూడా ఉంది. ఇది చదివిన ఏ యజమానైనా, జీతం బదులు ఫారాలు పంచితే సరిపోతుందిలే అనుకుంటాడేమో. ఒకసారి అడిగి ఊరుకుంటే రెండోసారి ఆ ఫారం పకోడీలు కట్టుకోడానికే పనికొస్తుంది.

వెళ్లిపోయేవాళ్లని అడగట్లేదా అంటే అడుగుతారు, ఎగ్జిట్ ఇంటర్వ్యూ అని. అప్పటికి నీ మనసు గేటు దాటేసి ఉంటుంది. రిలీవింగ్ లెటర్ వాళ్ల చేతిలో ఉంది, రేపు కొత్త కంపెనీవాళ్లు వీళ్లకే ఫోన్ చేసి నీ గురించి అడుగుతారు. అలాంటప్పుడు నిజం రాసేదెవరు? "వ్యక్తిగత కారణాలు" అని రాసి వచ్చేస్తాం. ఆ రెండు మాటల వెనక ఏమేం దాక్కుంటాయో మన ఆడవాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. మీటింగులో నీ మాట నొక్కేసి అదే మాట తనదిగా చెప్పుకున్న టీమ్ లీడ్. రాత్రి పదకొండున్నరకి మలుపు దగ్గరే దింపేసి పోయే క్యాబ్. అప్రైజల్లో "మీకేంటండీ, మీవారు సంపాదిస్తున్నారుగా" అన్న వెటకారం. జ్వరంతో ఉన్న పిల్లాడు, కాలు జారిపడ్డ అత్తగారు.

మగవాళ్లకి ఉద్యోగంతో జత కుదిరితే చాలు. మనకి ఆ జతలోకి ఇల్లు, బస్సు, బడి గంటలు కూడా వచ్చి కూర్చుంటాయి. పని ప్రాణం, జీతం బాగుంది, బాసు దేవుడు, అయినా మూడింటికి బడి వదిలితే పిల్లని తెచ్చేవాళ్లు లేరంటే అన్నీ కూలిపోతాయి. చైనాలో ట్రిప్‌డాట్‌కామ్ అనే పెద్ద ప్రయాణాల కంపెనీలో నికొలస్ బ్లూమ్ అనే పరిశోధకుడి బృందం 1612 మందితో ఒక ప్రయోగం చేసింది. సగం మందికి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని, మిగతావాళ్లకి ఐదు రోజులూ ఆఫీసు. ఇంటి వాటా దొరికినవాళ్లలో మానేసేవాళ్లు మూడో వంతు తగ్గిపోయారు, పనిలో ఏ తేడా రాలేదు. ఆ తగ్గుదల ఎవరిలో ఎక్కువ? ఆడవాళ్లలో, మేనేజర్లు కానివాళ్లలో, ఆఫీసుకి దూరం నుంచి వచ్చేవాళ్లలో. 2024లో ఈ ఫలితాలు వచ్చాయి. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్న ఏ చెల్లెలైనా ప్రయోగం అక్కర్లేకుండానే ఇది చెప్పేది.

మన చట్టంలోనూ కొన్ని ఉన్నాయి, వాడుకోవాలి మరి. 2017 సవరణ నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల ప్రసూతి సెలవు. 50 మందీ ఆపైన పనిచేసే చోట బిడ్డల్ని ఉంచే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. ఇంటర్వ్యూలో "మీ క్రెష్ ఎక్కడుందండీ?" అని మర్యాదగా అడుగు. ఎదుటివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే నీకు జవాబు వచ్చేసినట్టే.

అడగమంటున్నాను కాబట్టి ఇంకోటి కూడా. "ఈ సీట్లో నాకు ముందు ఎవరున్నారు? ఇప్పుడెక్కడున్నారు?" ప్రమోషన్ వచ్చిందంటే మంచిదే. ఏడాదిలో ముగ్గురు మారారంటే, ఆ ముగ్గురూ ఓపిక లేనివాళ్లేనా అని ఆలోచించు. చేరేముందు ఒక సాయంత్రం షిఫ్ట్ వదిలే వేళ ఆ గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుని రా. బయటికొచ్చే ఆడపిల్లలు కబుర్లాడుకుంటూ వస్తున్నారా, నోట మాట లేకుండా బస్సు వైపు పరుగెడుతున్నారా చూడు. ఒకరిద్దరిని పలకరించు. హెచ్ఆర్ మేడమ్ గంటలో చెప్పనిది వాళ్లు ఒక టీ తాగేలోగా చెప్పేస్తారు.

మానేయాలని గట్టిగా అనుకున్నావా, సరే. కానీ కోపమొచ్చిన పూట మెయిల్ కొట్టకు. నోటీసు పీరియడ్ ఎన్నాళ్లో, మిగిలిన సెలవులకి డబ్బులొస్తాయో లేదో ఆఫర్ లెటర్ తీసి చదువు. ముఖ్యంగా, పర్మనెంట్ ఉద్యోగంలో చేరి నాలుగున్నరేళ్లయిన చెల్లెలు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే, తల్లీ, ఒక్క నిమిషం ఆగు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ నీ హక్కు. చివరి జీతంలో లెక్కలోకి వచ్చే మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేశావో దానితో మళ్లీ గుణించు. ఆ మొత్తం నెలకి 26 వేలనుకుంటే ఏడాదికి 15 వేలు, ఐదేళ్లకి 75 వేలు. అక్కడ నీ ఒంటికో పరువుకో ముప్పుంటే ఆ డబ్బు మొహం చూడకు, రేపే బయటికొచ్చెయ్. వట్టి విసుగే అయితే మాత్రం ఆ ఆర్నెల్లూ ఆగు. ఈలోగా రెజ్యూమే దులిపి, నలుగురికీ పంపుతూ ఉండు. జీతం వస్తుండగా వెతుక్కునేవాళ్లకి బేరమాడే ధైర్యం ఉంటుంది.